పద్నాలుగు మందితో సింగపూర్: ముందు ఎక్కడెక్కడ విడిపోవాలో తేల్చుకోండి

పద్నాలుగు పాస్‌పోర్టులూ ఒకే సంచిలో వేసి, ఆ సంచిని సింగపూర్ లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్‌లో ఒక కుర్చీకి తగిలించి, దోసెలు తిని, కాఫీ తాగి, తీరిగ్గా మెట్రో స్టేషన్ దాకా నడిచిపోయిన ఘనుణ్ణి నేను. భుజం ఇంత తేలిగ్గా ఉందేమిటా అని అనుమానం వచ్చింది స్టేషన్ మెట్ల దగ్గర. పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి సంచి ఆ కుర్చీకే వేలాడుతోంది. పక్క టేబుల్ పెద్దాయన దాని మీద ఓ కన్నేసి ఉంచాడట. సంచి దక్కింది గానీ, ఆ పదిహేను నిమిషాలూ మా నాన్న ఒక్క మాట అనకుండా నన్ను చూసిన చూపు మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

అందరినీ ఒకే మూట కట్టి తిప్పాలనుకోవడమే నేను చేసిన తప్పు. అన్ని పాస్‌పోర్టులూ ఒకరి దగ్గర, డబ్బంతా ఒకరి కార్డులో, పద్నాలుగు మందీ ఒకే చోటికి, ఒకే టైముకి. పెళ్ళికి బస్సు మాట్లాడుకుని వెళ్ళినట్టు విదేశానికి వెళ్ళడం కుదరదని నాకు మూడో రోజుకి గానీ తెలియలేదు. మీకు బయల్దేరకముందే తెలిస్తే మంచిదని ఇదంతా రాస్తున్నాను.

మేమెవరమో చెబుతాను, మీ ఇంటి లెక్కకు సరిపోల్చుకోండి. అమ్మ, నాన్న, బాబాయి, పిన్ని, అన్నయ్య, వదిన, వాళ్ళ ఇద్దరు పిల్లలు, అక్క, బావగారు, ఏడాదిన్నర పాప, మా ఆవిడ, నేను, మా ఏడేళ్ళ వాడు.

ముందు జట్లు కట్టండి

టికెట్లు చూడకముందే చేయాల్సిన పని ఇది. కుటుంబాన్ని నలుగురైదుగురి జట్లుగా విడదీయండి. ప్రతి జట్టులో ఫోన్ బాగా వాడేవాళ్ళు ఒకరు, బరువులెత్తగలిగేవాళ్ళు ఒకరు తప్పనిసరి. పెద్దవాళ్ళనందరినీ ఒక జట్టులో, పిల్లలందరినీ ఒక జట్టులో వేయకండి. మేము అమ్మానాన్నలను నా జట్టులోకి, బాబాయినీ పిన్నినీ అక్క జట్టులోకి తీసుకున్నాం. అన్నయ్య వాళ్ళు నలుగురూ ఒక జట్టు. ఏ జట్టు పాస్‌పోర్టులు ఆ జట్టు దగ్గర, ఏ జట్టు మందులు ఆ జట్టు దగ్గర. ఒక సంచి పోయినా మిగతా తొమ్మిది మంది ప్రయాణం ఆగదు.

ఇంకో మాట కూడా అప్పుడే అనుకోండి: రోజుకు ఒక్క పూట అందరం కలుస్తాం, మిగతా పూటలు ఎవరిష్టం వాళ్ళది. ఇది పెద్దవాళ్ళకు మొదట నచ్చదు. "కలిసి వెళ్ళి విడివిడిగా తిరగడమేంటిరా" అంటుంది అమ్మ. రెండో రోజు మధ్యాహ్నం హోటల్ గదిలో ఏసీ వేసుకుని పడుకున్నాక తనే ఒప్పుకుంటుంది.

ఒక్క దేశమే

ట్రావెల్ ఏజెంట్లు సింగపూర్, మలేషియా, కుదిరితే థాయ్‌లాండ్ కూడా కలిపి వారంలో చూపిస్తామంటారు. నలుగురైతే సరే. పద్నాలుగు మందికి ఒక్కో సరిహద్దూ ఒక్కో పూటను మింగేస్తుంది. మళ్ళీ సామాను సర్దడం, మళ్ళీ క్యూ, మళ్ళీ పాస్‌పోర్టులు లెక్కపెట్టుకోవడం. పైగా కౌలాలంపూర్ దగ్గర బటు గుహల్లో మురుగన్ గుడికి 272 మెట్లెక్కాలి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ కింద కూర్చుని, మిగతావాళ్ళు పైకెక్కి ఫోటోలు దిగి వస్తే అది కుటుంబ యాత్ర ఎలా అవుతుంది?

సింగపూర్ పెద్దవాళ్ళకు అనువుగా ఉండటానికి కారణాలున్నాయి. హైదరాబాద్ నుంచి డైరెక్ట్ విమానంలో సుమారు నాలుగున్నర గంటలే. టైము మనకన్నా రెండున్నర గంటలు ముందు, అంతే. తమిళం అక్కడి నాలుగు అధికార భాషల్లో ఒకటి. మా బాబాయి చిత్తూరులో ఉద్యోగం చేసిన రోజుల్లో నేర్చుకున్న తమిళంతో లిటిల్ ఇండియాలోని సెరంగూన్ రోడ్డంతా తనే ముందు నడిచారు.

పేర్లు, పుట్టిన తేదీలు, వీసాలు

మన తెలుగువాళ్ళకు అసలు చిక్కు ఇక్కడే. ఒకరి పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఇంకొకరికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి అంతా ఒకే పేరుగా ఉంటుంది, పెళ్ళయిన ఆడపిల్లకు పుట్టింటి పేరు అలాగే ఉండి పిల్లకు తండ్రి ఇంటిపేరు ఉంటుంది. ఏదీ తప్పు కాదు. టికెట్ మీద మాత్రం పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు, అక్షరం పొల్లు పోకుండా పడాలి. వాట్సాప్‌లో "మా ఆవిడ పేరు ఇదీ" అని టైప్ చేసి పంపితే తీసుకోకండి. పాస్‌పోర్టు ఫోటో పంపమనండి, దాన్ని చూస్తూ మీరే కొట్టండి.

తిరిగొచ్చే తేదీకి ఇంకో ఆరు నెలలకు తగ్గకుండా పాస్‌పోర్టు గడువు ఉండేలా చూసుకోండి. పెద్దవాళ్ళవి పదేళ్ళు నడుస్తాయి కాబట్టి ఆ ధీమాలో పిల్లల సంగతి మర్చిపోతాం. మైనర్ల పాస్‌పోర్టు గడువు మామూలుగా ఐదేళ్ళే. అన్నయ్య చిన్నవాడిది నాలుగు నెలల్లో అయిపోతుందని మేము చూసుకున్నది టికెట్లు కొన్నాక. రెన్యువల్ అయి చేతికొచ్చేదాకా ఇంట్లో అందరికీ టెన్షనే.

సింగపూర్‌కు మనకు వీసా కావాలి. ఫారం 14ఏ నింపి అధీకృత ఏజెంట్ ద్వారా పెట్టుకోవాలి. చంటిపిల్లలకు కూడా విడిగా కావాల్సిందే. ఇది కాక ఎస్‌జీ అరైవల్ కార్డు ఉంది. దిగే రోజుతో కలిపి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో నింపొచ్చు, పైసా ఖర్చు లేదు. డబ్బులడిగే వెబ్‌సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు. ఈ పనిని కూడా జట్లవారీగా పంచండి. ఒక్కరే కూర్చుని పద్నాలుగు మందివి నింపితే పదకొండో కార్డులో తప్పు పడుతుంది.

టికెట్లు

ఎయిర్‌లైన్ వెబ్‌సైట్లలో మామూలుగా ఒకసారికి తొమ్మిది మంది కన్నా ఎక్కువ బుక్ కారు. పది, అంతకన్నా ఎక్కువైతే గ్రూప్ బుకింగ్ కింద విడిగా అడగాలి. అడగండి, కానీ అదే చవక అనుకోకండి. ఇంకో కిటుకు కూడా తెలుసుకోవాలి. తక్కువ ధరకు నాలుగు సీట్లే మిగిలి ఉన్నప్పుడు మీరు తొమ్మిది అడిగితే, తొమ్మిదింటికీ పై ధరే చూపిస్తుంది. ముందు తొమ్మిదికి, తర్వాత నాలుగుకి వెతికి, తలకు ఎంత పడుతుందో పోల్చి చూడండి. మేము మూడు జట్లకూ మూడు పీఎన్ఆర్‌లు (బుకింగ్ నంబర్లు) తీసుకున్నాం. ఎవరికైనా ఆఖరి నిమిషంలో కుదరక రద్దు చేసుకోవాల్సి వచ్చినా గొడవ ఆ జట్టుకే పరిమితమవుతుంది.

రెండేళ్ళ లోపు పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చు. అయితే ప్రయాణం మధ్యలో రెండో పుట్టినరోజు వస్తుంటే తిరుగు ప్రయాణానికి సీటు కొనాల్సి ఉంటుంది, తేదీ చూసుకోండి.

వీల్‌చైర్ గురించి పెద్దవాళ్ళు మొహమాటపడతారు. "నేనేమైనా రోగిష్టినా" అన్నారు నాన్న. శంషాబాద్‌లో చెక్-ఇన్ నుంచి గేటు దాకా ఎంత నడవాలో ఆయనకు తెలియదు. టికెట్ కొనేటప్పుడే, లేదంటే రెండు రోజుల ముందైనా చెప్పి పెట్టండి. అవసరం ఉన్నవాళ్ళ దగ్గర ఎయిర్‌లైన్ మామూలుగా దీనికి డబ్బు తీసుకోదు. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్ళు విమానం ఎక్కేటప్పుడు ముందుంటారు, దిగేటప్పుడు మాత్రం ఆఖరు. మిగతావాళ్ళు తొందరపడి ముందుకు వెళ్ళిపోకుండా, జట్టులో ఒకరు వాళ్ళతో ఉండాలి.

గదులు

"అందరం ఒకే పెద్ద ఇల్లు తీసుకుందాం, వంట కూడా చేసుకోవచ్చు" అని ప్రతి ఇంట్లోనూ ఒక వదిన అంటుంది. గోవాలో కుదురుతుంది. సింగపూర్‌లో ప్రైవేటు ఇళ్ళను మూడు నెలల కన్నా తక్కువకు అద్దెకివ్వడం చట్టవిరుద్ధం. ప్రభుత్వ ఫ్లాట్లయితే ఆరు నెలలు. ఎవరైనా ఆన్‌లైన్‌లో నాలుగు రోజులకు చవకగా ఫ్లాట్ ఇస్తామంటే నమ్మకండి. పసిపిల్లతో, పెద్దవాళ్ళతో అర్ధరాత్రి రోడ్డున పడాల్సి వస్తుంది.

కాబట్టి హోటలే. చాలాచోట్ల గదికి ఇద్దరు పెద్దవాళ్ళే. ఇంకొకర్ని దాచిపెట్టి పడుకోబెట్టే మన పాత అలవాటు అక్కడ పనికిరాదు. మధ్యలో తలుపు ఉండే గదులు కావాలంటే "కనెక్టింగ్" అని స్పష్టంగా రాసి, హామీ ఇస్తారా అని అడగండి. పక్కపక్క గదులు వేరు, ఇవి వేరు. లిటిల్ ఇండియా, ఫారర్ పార్క్ వైపు దిగితే ఇడ్లీకీ పెరుగన్నానికీ నడిచి వెళ్ళొచ్చు. సెరంగూన్ రోడ్డులో 1947 నుంచి ఉన్న కోమల విలాస్ ఉంది, ఆంధ్ర భోజనం బోర్డులూ కనిపిస్తాయి. శనివారం ఉపవాసం ఉండే పిన్నికి అదే రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి. స్విమ్మింగ్ పూల్ పెద్దగా ఉన్న హోటల్ కన్నా, మా వాళ్ళకు ఈ నడక దూరమే ఎక్కువ అక్కరకొచ్చింది.

ఇంకొకటి. రాత్రి విమానం ఎక్కితే తెల్లవారేసరికి సింగపూర్ ఎయిర్‌పోర్టు చాంగీలో దిగుతారు. గది ఇచ్చేది మధ్యాహ్నం రెండింటికో మూడింటికో. అప్పటిదాకా పద్నాలుగు మంది హోటల్ లాబీలో సూట్‌కేసుల మీద కూర్చుంటారా? ముందురోజు రాత్రి నుంచి ఒక్క గది అదనంగా బుక్ చేసి, ఆలస్యంగా వస్తామని హోటల్‌కు చెప్పి పెట్టండి. అందరి స్నానాలూ అయిపోతాయి, అమ్మానాన్నలు నడుం వాలుస్తారు, పాప నిద్రపోతుంది. మొత్తం ప్రయాణంలో మేము పెట్టిన ఖర్చులన్నింటిలోకీ అదే సద్వినియోగం.

పచ్చళ్ళు, మందులు, బంగారం

పచ్చడి లేకుండా బయల్దేరమని నేను చెప్పను, చెప్పినా వినరు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, జంతికలు తీసుకెళ్ళండి, నూనె ఉన్నవన్నీ చెక్-ఇన్ సూట్‌కేసులోనే పెట్టండి. మూత చుట్టూ టేపు, దానికో కవరు, ఆ కవరుకు ఇంకో కవరు. నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి వద్దు. ఇక్కడి మాంసం సరుకును సింగపూర్‌లోకి రానివ్వరు. గసగసాలు అసలే వద్దు, మత్తుమందుల చట్టం కిందికి వస్తాయి. ఎండు కొబ్బరి చిప్పలను ఇక్కడే ఆపేస్తారు. నూనె ఎక్కువ కాబట్టి చెక్-ఇన్ సామానులో పెట్టనివ్వరు.

గుట్కా, ఖైనీ, ఈ-సిగరెట్ నిషిద్ధం. మామూలు సిగరెట్లకు కూడా సుంకం మినహాయింపు లేదు. ఒక్క పెట్టె ఉన్నా చూపించి సుంకం కట్టాలి. చూయింగ్ గమ్‌ను 1992 నుంచీ దేశంలోకి రానివ్వడం లేదు, పిల్లల జేబులు వెతకండి. అన్నయ్య పెద్దవాడి జేబులో రెండు దొరికాయి, శంషాబాద్‌లోనే చెత్తబుట్టలో పడ్డాయి.

ఒక్కో సూట్‌కేసులో రెండు జట్ల బట్టలు కలిపి సర్దండి. ఒకటి ఆలస్యంగా వచ్చినా ఎవరికీ కట్టుబట్టలే గతి కాదు. మొత్తం బరువు సరిపోయినా ఒకే పెట్టె 32 కిలోలు దాటితే తీసుకోరు. పవర్ బ్యాంకులు చేతి సంచిలోనే ఉండాలి. ఛార్జర్లకు దీర్ఘచతురస్రపు మూడు పిన్నుల అడాప్టర్లు ఇంటి నుంచే కొనుక్కెళ్ళండి, జట్టుకు రెండు.

మందులు ప్రయాణం రోజులకు వారం అదనంగా, ఒరిజినల్ స్ట్రిప్పుల్లో, డాక్టర్ చీటీతో సహా చేతి సంచిలో. చీటీలో కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు కూడా రాయించండి. నిద్ర మాత్రలు, కోడీన్ కలిసిన దగ్గు మందు వాడేవాళ్ళుంటే అక్కడి ఆరోగ్య శాస్త్రాల సంస్థ హెచ్‌ఎస్‌ఏ నిబంధనలు చూసి, ముందే అనుమతి తీసుకోవాలి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు బీపీ, షుగర్, స్టెంట్ ఏదీ దాచకండి. ప్రీమియం తగ్గుతుందని దాచిన జబ్బే రేపు క్లెయిమ్‌ను ఆపేస్తుంది.

పెద్దవాళ్ళు గాజులు, గొలుసులు తీసి ఇంట్లో పెట్టడానికి ఇష్టపడరు. బరువుగా ఉంటే వెళ్ళేటప్పుడే ఎయిర్‌పోర్టు కస్టమ్స్ దగ్గర ఎగుమతి సర్టిఫికెట్ రాయించుకోండి. తిరిగొచ్చేటప్పుడు ఇది మాదేనని వాదించే పని తప్పుతుంది. తేలికైన మార్గం ఇంకోటుంది, నల్లపూసలతో సరిపెట్టుకోవడం.

డబ్బు సంగతి నోరు విప్పి మాట్లాడండి

సొంతవాళ్ళ దగ్గర లెక్కలేంటని మొహమాటపడ్డ ఇంట్లోనే తిరిగొచ్చాక మాటలు ఆగిపోతాయి. ఒక ఉమ్మడి హుండీ పెట్టండి. బస్సులు, టికెట్లు, అందరూ కలిసి తిన్న భోజనం అందులోంచి. షాపింగ్, విడిగా తిన్నవి ఎవరివి వాళ్ళవి. పెద్దవాళ్ళకు ఒక వాటా, పిల్లలకు అర వాటా, పాపకు సున్నా అని మేము పెట్టుకున్నాం. అమ్మానాన్నల వాటా ఎవరు పెట్టుకోవాలన్నది అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ముందే తేల్చుకోవాలి, అదీ పెద్దవాళ్ళ ముందు కాదు. లెక్క రాసే పని రిటైరైన వాళ్ళకు అప్పగించండి. మా బాబాయి ట్రెజరీ ఆఫీసులో పని చేసిన మనిషి, అయిదు సెంట్ల బిల్లు కూడా వదల్లేదు.

ప్యాకేజీ తీసుకుంటే టీసీఎస్ (ఆదాయపు పన్ను కింద ముందుగానే వసూలు చేసే మొత్తం) పట్టుకుంటారు. ఎవరి పాన్ ఇస్తే వాళ్ళ ఖాతాలో పడుతుంది, రిటర్న్ వేసేటప్పుడు వాళ్ళే సర్దుబాటు చేసుకోవాలి. అందరి డబ్బూ ఒకరే కడితే ఆ మొత్తం కూడా హుండీ లెక్కలో రాసుకోండి. నోట్లు అంతా ఒకరి దగ్గర పెట్టకుండా జట్టుకో ఫారెక్స్ కార్డు చేయించండి.

అక్కడ దిగాక

మెట్రో గేటు దగ్గర ఒకే కార్డు ఆనించి అందరినీ లోపలికి పంపుదామని చూశాను, కుదరదు. మనిషికో కార్డు ఉండాలి. 90 సెంటీమీటర్ల లోపు పిల్లలకు మాత్రం ఉచితం. రైల్లో తినడం, తాగడం నిషేధం. జరిమానా 500 సింగపూర్ డాలర్ల దాకా ఉంది, పిన్ని సంచిలోని సున్నుండలు సంచిలోనే ఉండాలి.

మెట్రో ఎక్కేముందు అందరికీ ఒక నియమం నేర్పండి, పిల్లల చేత రెండుసార్లు చెప్పించండి: తలుపులు మూసుకుపోయి కొందరు లోపల, కొందరు బయట ఉండిపోతే, ఎక్కినవాళ్ళు తర్వాతి స్టేషన్‌లో దిగి అక్కడే నిలబడాలి. మిగిలినవాళ్ళు తర్వాతి రైల్లో వస్తారు. ఎవరూ వెనక్కి రాకూడదు. మాకు ధోబీ ఘాట్‌లో ఇదే జరిగింది. నాన్న, మావాడు లోపల, మేమంతా బయట. తర్వాతి స్టేషన్‌లో ఇద్దరూ బెంచీ మీద కూర్చుని మా కోసం చూస్తున్నారు, మావాడు తాతయ్య చెయ్యి పట్టుకుని "నేనే దింపాను" అన్నాడు.

హోటల్ కార్డు ప్రతి పెద్దమనిషి జేబులోనూ ఉండాలి. అంబులెన్స్‌కు 995, పోలీసుకు 999.

కారు పిలిచేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. 1.35 మీటర్ల కన్నా పొట్టి పిల్లలకు యాప్‌లో వచ్చే ప్రైవేటు కార్లలో చైల్డ్ సీటు తప్పనిసరి. మీటరు వేసే టాక్సీలకు ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. అందుకని పాప ఉన్న జట్టు టాక్సీ ఎక్కడమే సులువు. అందరూ కలిసి దూరం వెళ్ళే రోజున మినీబస్సు ముందే మాట్లాడుకోండి.

రోజును రెండు ముక్కలు చేయండి. పొద్దున్న ఎండ ముదరకముందు ఒకటి, సాయంత్రం ఇంకోటి, మధ్యాహ్నం గదిలో నిద్ర. భూమధ్యరేఖ పక్కనే ఉన్న ఊరు, ఉక్క మన విశాఖను మించి ఉంటుంది. యూనివర్సల్ స్టూడియోస్‌కు పిల్లలతో అన్నయ్య జట్టును పంపి, పెద్దవాళ్ళను క్లౌడ్ ఫారెస్ట్ అనే గాజు గుమ్మటపు తోటకు తీసుకెళ్ళండి. లోపల చల్లగా ఉంటుంది, లిఫ్ట్‌లో పైకెళ్ళి మెల్లగా దిగుతూ రావొచ్చు. అందరినీ కలిపి తీసుకెళ్ళడానికి రెండు చోట్లు బాగుంటాయి. ఒకటి నైట్ సఫారీ, ట్రామ్‌లో కూర్చుని చూసేది కాబట్టి మోకాళ్ళతో పని లేదు. రెండోది గార్డెన్స్ బై ద బేలో సూపర్‌ట్రీల (చెట్టు ఆకారపు ఎత్తైన కట్టడాల) దీపాల ప్రదర్శన. రాత్రి 7:45కి, 8:45కి రెండు ఆటలు, టికెట్ లేదు. చాలామంది నేల మీద వెల్లకిలా పడుకుని చూస్తారు. దుప్పటి ఒకటి పట్టుకెళ్ళండి, అమ్మ కూడా పడుకుంది.

ముస్తఫా సెంటర్ అనే పెద్ద షాపుకు మాత్రం అందరూ కలిసి వెళ్ళకండి. గంటన్నర అని లోపలికెళ్ళి, అన్ని అంతస్తుల్లో ఒకరినొకరు వెతుక్కోవడానికే గంట పట్టింది మాకు.

తిరుగు ప్రయాణం

ఒక్కో కొనుగోలు కనీసం 100 డాలర్లయితే, పథకంలో ఉన్న షాపుల్లో కట్టిన 9 శాతం జీఎస్టీలో కొంత ఎయిర్‌పోర్టులో వెనక్కి వస్తుంది. బిల్లు ఎవరి పాస్‌పోర్టు మీద చేస్తే వాళ్ళే మెషీన్ దగ్గర నిలబడాలి. అక్క కొన్న వాచీకి బావగారి పాస్‌పోర్టు ఇచ్చి, ఆయన్ని వెతకడానికి చాంగీ అంతా తిరిగాం. సామాను చెక్-ఇన్ చేయకముందే ఈ పని చూసుకోండి. నాలుగు గంటల ముందు వెళితే, టెర్మినల్ 1కి ఆనుకుని ఉన్న జ్యూవెల్ అనే మాల్‌లో 40 మీటర్ల జలపాతం కింద కూర్చుని మిగిలిన జంతికలు ఖాళీ చేయొచ్చు. దానికి టికెట్ లేదు.

ఇంటికొచ్చాక వారం లోపు హుండీ లెక్క తేల్చేయండి, ఆలస్యమైతే బిల్లులు పోతాయి, జ్ఞాపకాలు మారిపోతాయి. మా బాబాయి ఆదివారం అందరినీ కూర్చోబెట్టి చదివారు. పదకొండు డాలర్లు తేలలేదు. మూడుసార్లు కూడారు, చివరికి కళ్ళజోడు తీసి, ఆ గడిలో "పాప ఐస్‌క్రీమ్" అని రాసి సంతకం పెట్టారు. పాపకు అప్పటికి ఐస్‌క్రీమ్ అంటే ఏంటో తెలియదు.